వడ్డన పెట్టెకు కొత్త ఆయిలు

మా వదిన కారు కొన్న రోజున గాజువాకలో ఆమె వంటశాల ఉన్న సందు మొత్తం బయటికొచ్చి నిలబడింది. వదిన అంటే మా ఆయన అక్క. పరవాడ మందుల కంపెనీల క్యాంటీన్లకు మధ్యాహ్నం భోజనాలు పంపడం ఆమె వ్యాపారం. ఏళ్ల తరబడి ట్రక్కు ఆటోలో సాంబారు గంగాళాల పక్కన ఇరుక్కుని తిరిగిన మనిషి, యాభై దాటాక, హైదరాబాదులో ఎవరో డాక్టరుగారు వాడి అమ్మేసిన నల్లటి జర్మనీ ఎస్‌యూవీని స్వయంగా నడుపుకుంటూ వచ్చి సందు మొదట్లో ఆపింది. మూడు వరసల సీట్లు. తలమీద అద్దాల కప్పు.

"కారు గాదమ్మా ఇది, ఏనుగు!" అంది ఎదురింటి ముసలమ్మ.

"ఏనుగైతే అవనీ, తోలడానికి నాను లేనేటి?" అంది వదిన, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని దిగుతూ. ఆమె చెప్పులతో బండి నడపదు. కాలికి పెడల్ తగలకపోతే ఆమెకు నడిపినట్టే ఉండదు.

ఆ రోజే వంటశాలలో పనిచేసే అయిదుగురు ఆడవాళ్లకూ మాటిచ్చింది. కార్తీకమాసంలో అందరినీ ఆ కారులో అనంతగిరి కొండల మీదికి వనభోజనాలకు తీసుకెళ్తానని. తెల్లారకముందే లేచి వందలమందికి వండే ఆ చేతులకు ఆ ఒక్క రోజు వంట లేదని. నన్ను కూడా రమ్మంది. నేను సరేనన్నాను.

దసరా వెళ్లాక కారుకు ఒక జబ్బు పట్టుకుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా సందులోకి మళ్లించేటప్పుడు కింద నుంచి గడగడమని వణుకు. సీటుతో సహా మనిషి కదిలిపోయేది. తిన్నని రోడ్డు మీద ఏమీ ఉండేది కాదు. మలుపు వస్తే చాలు, ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు ఉండేది.

షోరూమ్ సర్వీసులో చూపించాం. కుర్రాడు మర్యాదస్తుడు. కారు కింద ట్రాన్స్‌ఫర్ కేసు అనే పెట్టె ఉంటుందని, అది మొత్తం మార్చాలన్నాడు. విదేశం నుంచి రావాలి, రెండు నెలలైనా పట్టవచ్చు, అందాకా ఘాట్ రోడ్డెక్కకపోవడం మంచిదన్నాడు. కార్తీకం కాస్తా అయిపోతుంది.

ఆ సాయంత్రం వదిన మా క్వార్టర్‌కు వచ్చి, పెట్టిన ఉప్మా కూడా ముట్టుకోకుండా కూర్చుంది. ఆమె తిండి ముందు అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆళ్లు సీరలు కొనీసుకున్నారే మరదలా," అంది. "ఇప్పుడు ఏ మొకం పెట్టుకుని సెప్పీది?"

నేను స్టీల్ ప్లాంటులో లూబ్రికేషన్ విభాగంలో పనిచేస్తాను. మిల్లు గేర్‌బాక్సుల్లోంచి ఆయిల్ తీసి పరీక్షించి, లోపల యంత్రం ఎలా ఉందో చెప్పడం నా ఉద్యోగం. కార్ల సంగతి నాకు తెలియదు. కానీ అడగాల్సిన ప్రశ్న ఒకటి నోటికి అలవాటుగా వచ్చింది.

"దాంట్లో ఆయిల్ ఎప్పుడు మార్చారండి వదినా?"

"దానికి మార్చక్కర్లేదంట. బండి ఉన్నన్నాళ్లూ అదే సరిపోద్దంట."

నాకు నవ్వొచ్చింది. నా ఇన్నేళ్ల ఉద్యోగంలో యంత్రంతో పాటు బతికిన ఆయిల్‌ని ఒక్కదాన్నీ చూడలేదు. అయితే ఆ నవ్వు వెనక పెద్ద ధైర్యమేమీ లేదు. కారు కింద ఎన్నడూ తల పెట్టినదాన్ని కాదు. అందుకని మర్నాడు సెలవు పెట్టి, వదినను తీసుకుని పాత పోస్టాఫీసు దగ్గర మెకానిక్ భాయ్ షెడ్డుకు వెళ్లాను. మా ఆయన కాలేజీ రోజుల స్కూటరు నుంచి మా ఇంట్లో బండ్లన్నీ భాయ్ చేతిలోనే బాగయ్యాయి. ఇప్పుడు ఆయనకు బండిని గాల్లోకి లేపే లిఫ్టు ఉంది, కంప్యూటరు ఉంది, మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి.

భాయ్ కారును షెడ్డు ముందు గుండ్రంగా తిప్పి దిగాడు.

"లోపల ప్లేట్లు పట్టీసుకుంటన్నాయమ్మా. ఆయిలు సచ్చిపోయినా ఇలాగే ఉంటాది, ప్లేట్లు అరిగిపోయినా ఇలాగే ఉంటాది. ఏదన్నది ఇప్పితేగానీ నాకూ తెల్దు."

"అసలీ పెట్టె ఏటి సేత్తాది భాయ్?" అని అడిగింది వదిన.

"ఇంజినీ బలాన్ని ముందు సక్రాలకి ఎంత, ఎనక సక్రాలకి ఎంత అని పంచుతాది అక్కా. మలుపులో ముందువి ఒకలా తిరగాల, ఎనకవి ఒకలా తిరగాల. ఆయిలు బాగుంటే ప్లేట్లు జారతాయి, ఎవరి దారిన ఆళ్లు తిరుగుతారు. లేదంటే ఇదుగో, ఈ కొట్లాట."

వదిన ఒక్క క్షణం ఆలోచించింది. "అంటే వడ్డన సేసీ పెట్టన్నమాట."

అప్పటినుంచి మా ఇంట్లో దానికి వడ్డన పెట్టె అనే పేరు స్థిరపడింది.

ఆయిల్ దగ్గర భాయ్‌కీ నాకూ చిన్న తగువొచ్చింది. తన దగ్గరున్న మంచి గేర్ ఆయిల్ పోసేద్దామన్నాడు ఆయన. కారు తయారుచేసినవాళ్లు చెప్పిన రకమే కావాలన్నాను నేను. ఆ ప్లేట్లు జారాలి, పట్టాలి, రెండూ చేయాలి. ఏదో ఒక ఆయిల్‌తో అది కుదరదు.

"మీ మిల్లుకొచ్చి నాను మాట్లాడతానా మేడమ్?"

"మిల్లుకొస్తే మీ మాట తప్పకుండా వింటానండి భాయ్. ఇక్కడ మాత్రం నా మాట వినండి."

వదిన మా ఇద్దరి మధ్యకూ వచ్చింది. "సెనగనూనె ఎయ్యాల్సిన సోట ఆవనూనె ఏసి క్యాంటీనుకి పంపితే ఊరుకుంటారేటి? మరదలు సెప్పిందే తెప్పించండి."

భాయ్ తల గోక్కుని, నవ్వి, ద్వారకా నగర్‌లో స్పేర్ పార్టుల దుకాణానికి ఫోన్ చేశాడు. వాళ్లు హైదరాబాదు నుంచి రప్పించారు. అవసరమైనది ఒక్క లీటరు కూడా కాదు. ఆ చిన్న సీసాను వదిన గుడి ప్రసాదంలా రెండు చేతులతో అందుకుంది.

కారు లిఫ్టెక్కింది. మేమిద్దరం దాని కింద నిలబడ్డాం. పైన అంత తళతళలాడే కారుకు కింద ఇంత దుమ్ము, ఇన్ని బోల్టులు ఉంటాయని వదినకు అప్పుడే తెలిసింది. వడ్డన పెట్టెకు మర తిప్పి తీసే బిరడాలు రెండు ఉన్నాయి. పాత ఆయిల్ దిగడానికి కింద ఒకటి, కొత్తది ఎక్కించడానికి పైన ఒకటి.

"ముందు పైది," అన్నాడు భాయ్. "కిందది తీసీసి, పాతదంతా పోయేక పైది రాలేదనుకోండి. కొత్తది ఎక్కడ పోత్తాం?"

ఆయన భయపడినట్టే అయింది. తయారైన నాటి నుంచి ఎవరూ ముట్టుకోని ఆ బిరడా రానంది. తుప్పు వదిలించే మందు కొట్టాం. కాసేపు ఆగాం. మళ్లీ కొట్టాం. భాయ్ రెంచీకి పొడవాటి ఇనుప గొట్టం తొడిగి వేలాడినంత పని చేశాడు. భుజం పట్టేసిందని పక్కకు తప్పుకున్నాడు. నేను ప్రయత్నించాను. నా కళ్లద్దాలు ముక్కు మీదికి జారాయి తప్ప బిరడా కదలలేదు.

వదిన కొంగు నడుముకు బిగించింది. "జరగండి."

"అక్కా, జాగర్త. రెంచీ పట్టీ తల అరిగిపోతే ఇంక రాదు."

"గంజి గంగాళం ఒంచీదాన్ని నాను. తొందరపడి ఒంచితే కాళ్లు కాలతాయి. నాకు తెలీదేటి?"

నిజంగానే ఆమె తొందరపడలేదు. గొట్టం చివర రెండు చేతులూ వేసి, పాదాలు నేలకు ఆనించి, గంగాళం వంచినట్టే, బరువు కొంచెం కొంచెంగా వేసింది. టక్కుమని ఒక చప్పుడు. మేం ముగ్గురం కదలకుండా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. బిరడా వచ్చిందా, విరిగిందా? భాయ్ వెళ్లి వేలితో తిప్పి చూశాడు. తిరిగింది.

"యా అల్లా, అక్కా!" అని ఆయన రెండు చేతులూ పైకెత్తాడు. వదిన గట్టిగా నవ్వింది. పక్క షెడ్డులో టైర్లు మార్చేవాళ్లు కూడా ఏం జరిగిందో తెలియకుండానే నవ్వేశారు.

పాత ఆయిల్ చింతపండు పులుసంత నల్లగా దిగింది. నేను వేళ్ల మధ్య రాసి చూశాను. మాడిన వాసన. తెల్లగుడ్డ మీద పరిచి వెలుతురులో తిప్పి తిప్పి చూశాను. సన్నటి బూడిదరంగు మడ్డి ఉంది గానీ, లోహపు మెరుపు లేదు. మిల్లులో అలాంటి గుడ్డ చూసినప్పుడు కాగితం మీద ఒక మాట రాసి ఊరుకుంటాను. ఆ రోజు మాత్రం గంతేయాలనిపించింది.

"ప్లేట్లు బతికే ఉన్నాయండి వదినా! బతికే ఉన్నాయనుకుంటున్నాను."

కింది బిరడా బిగించి, చేతిపంపుతో కొత్త ఆయిల్ ఎక్కించారు. పై కన్నంలోంచి సన్నటి ధార బయటికి కారేదాకా ఎక్కించి, అదీ బిగించారు. భాయ్ కంప్యూటరు తగిలించి, కొత్త ఆయిల్ పోశామని కారుకు కూడా చెప్పాడు. ఆ మాట వినగానే వదిన "దానికీ సెప్పాలేటి!" అని మురిసిపోయింది.

అయితే వణుకు పూర్తిగా పోలేదు. తగ్గిందంతే. గుండ్రంగా తిప్పి వచ్చిన వదిన ముఖం వాడిపోయింది.

"జిడ్డు గిన్నె ఒక్కసారి కడిగితే వదిలీద్దా అక్కా?" అన్నాడు భాయ్.

"వదల్దు. రెండోసారి కడగాల."

"ఇదీ అంతే. ప్లేట్లకి పాతది పట్టీసి ఉంటాది. ఓ వారం తిప్పండి. మళ్లీ మారుద్దాం."

ఆ వారం నాకు పండగలా గడిచింది. ప్లాంటు నుంచి వచ్చేసరికి వదిన కారుతో క్వార్టర్ ముందు సిద్ధంగా ఉండేది. ఆయిల్‌ను తిప్పాలి కదా! రుషికొండ దాకా వెళ్లేవాళ్లం, మలుపు దొరికిన చోటల్లా తిరిగేవాళ్లం, వేడి వేడి మొక్కజొన్న పొత్తులు తినేవాళ్లం. పెళ్లయి గోదావరి జిల్లా నుంచి వచ్చాక ఇన్నేళ్లలో నేను సముద్రం వైపు వెళ్లింది ఎప్పుడైనా చుట్టాలొస్తేనే. మా ఆయన ఒక రోజు పోర్టులో డ్యూటీ ముగించుకుని ఇంటికొచ్చి, గిన్నెలన్నీ బోర్లించి ఉండటం చూసి, "మీ ఇద్దరికీ కారు బాగవడం ఇష్టం లేనట్టుంది," అన్నాడు.

రెండోసారి తీసిన ఆయిల్ ఎర్రటి టీ డికాషన్‌లా దిగింది. బిరడాలు చెప్పినట్టు విన్నాయి. కొత్తది పోశాక వదిన స్టీరింగు చివరిదాకా తిప్పి, ఖాళీ స్థలంలో చుట్లు మొదలుపెట్టింది. వణుకు లేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది. లేదు. వెనక సీట్లో నాకు కళ్లు తిరిగి, చాలండి మహాతల్లీ అని మొరపెట్టుకునేదాకా ఆపలేదు.

కార్తీకంలో ఒక ఆదివారం బయలుదేరాం. అయిదుగురూ కొత్త చీరలు కట్టుకొచ్చారు. పులిహోర, గారెలు, పెరుగన్నం అన్నీ వదినా నేనూ ముందే చేశాం. భాయ్ భార్య పెద్ద స్టీలు డబ్బా నిండా సొరకాయ ఖీరు పంపింది. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాక, ఒక మెలిమలుపులో ఎదురుగా లారీ వచ్చింది. వదిన వెనక్కి తీసి, స్టీరింగు పూర్తిగా తిప్పి, కొండను ఒరుసుకునేలా మళ్లించింది. నేను కింద చప్పుడు కోసం చెవులొగ్గాను. ఏమీ లేదు. కారు వెన్నలా తిరిగింది. వెనక వాళ్లు లారీ తప్పుకుందని చప్పట్లు కొట్టారు. నేను వడ్డన పెట్టె కోసం కొట్టాను.

మేం భోజనాలకు అనుకున్న ఉసిరి తోట రోడ్డుకు పైన ఉంది. ముందురోజు వాన పడి ఎర్రమట్టి దారి జారుడుబండలా ఉంది. కింద ఒక బస్సు ఆగిపోయింది. ఎవరో పెద్ద కుటుంబం, వంటసామాను, నడవలేని ముసలివాళ్లు. పడుచువాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కుతున్నారు. వదిన ఆ దారిని ఒకసారి చూసి, కారును నెమ్మదిగా దాని మీదికి పోనిచ్చింది. ఒక చక్రం జారబోయింది, మిగతావి పట్టుకున్నాయి, ఎక్కేశాం.

మేం దిగగానే ఆమె మళ్లీ కిందికి వెళ్లిపోయింది. అద్దాల కప్పు కింద ముసలమ్మలను కూర్చోబెట్టుకుని ఒక విడత, వాళ్ల వంటపాత్రలు పెట్టుకుని ఒక విడత. ఖరీదైన తోలు సీట్ల మీద ఎర్రమట్టి, పసుపు, అరటాకుల నీళ్లు. ఆమె ముఖంలో ఎక్కడా చింత లేదు.

"నువ్వు సల్లగుండాల తల్లీ, ఏ ఊరు మీది?" అని ఒక పెద్దావిడ ఆమె గడ్డం పట్టుకుంది.

"గాజువాక మామ్మా. అన్నాలు వండుతాను."

ఇంకేముంది, రెండు బృందాలూ ఒకే బంతిలో కూర్చున్నాయి. మా వాళ్లు వాళ్ల పప్పు రుచి చూసి ఇంగువ తక్కువైందన్నారు, కాసేపటికి వాళ్ల పొయ్యి దగ్గరే తేలారు. ఇవాళ మీకు వంట లేదని వదిన కేకలేసింది గానీ ఎవరూ వినలేదు. సొరకాయ ఖీరు పంచేసరికి నా వంతుకు అడుగున ఒక చెంచాడు మిగిలింది. ఏలకుల వాసన ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాత ప్రతి ఏడాదీ కార్తీకానికి ముందు వడ్డన పెట్టెకు కొత్త ఆయిల్ పడుతోంది. అంత తొందరగా అక్కర్లేదని భాయ్ చెప్తూనే ఉంటాడు. "డబ్బా మూత తీసీ సరదా నాది భాయ్, మీకేటి?" అంటుంది వదిన. పై బిరడా ఎప్పుడూ ఆమే తీస్తుంది. వేళ్లతో ఆయిల్ చూసే పని నాది.

ఈసారి పని అయ్యాక భాయ్ భార్య షెడ్డుకు టీ తెచ్చింది. ఇన్నాళ్లూ ఈ కారు గురించి వినడమే గానీ ఎక్కలేదని నవ్వుతూ అంది. వదిన వెంటనే ముందు తలుపు తీసింది. భాయ్ చేతులు కడుక్కుని వచ్చి, బట్టలకు మరకలున్నాయని సీటు మీద పాత దుప్పటి పరుచుకుని మధ్య వరసలో నా పక్కన కూర్చున్నాడు. ఎన్నో కార్లు బాగుచేశాను గానీ వెనక సీట్లో కూర్చున్నది లేదన్నాడు.

బీచ్ రోడ్డెక్కగానే ఆవిడ అద్దం దించమంది. సముద్రపు గాలికి దుపట్టా ఎగిరి వదిన మొహం మీద పడింది. ఇద్దరూ పకపకా నవ్వారు. కింద నుంచి ఏమైనా తేడా వినిపిస్తోందా అని అడుగుదామని భాయ్ వైపు తిరిగాను. నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు.

"రుషికొండ వచ్చీసింది. ఎనక్కి తిప్పీమంటారా?" అని అడిగింది వదిన.

ఆవిడ వెనక్కి తిరిగి భర్తను చూసింది. "లేపకండి అక్కా," అంది గొంతు తగ్గించి. "ఇంకొంచెం దూరం ఎల్దాం."

వదిన కారును భీమిలి వైపు పోనిచ్చింది.