ఏరు దాటించే మనిషి

మా అమ్మకి నేను మొట్టమొదట కుట్టిన బట్టలు పండక్కీ కాదు, పెళ్ళికీ కాదు. ఒక ఆట కోసం.

అప్పటికి నేను టెక్కలిలో డిగ్రీ చదువుతున్నాను. రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయి ఉంటుంది. మా ఊరు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సముద్రానికి కూతవేటు దూరం. ఇంటి చుట్టూ కొబ్బరి, మధ్యలో ఇసుక బండిబాట, బాటకి అవతల జీడితోట, దాని వెనక సరుగుడు చెట్లు. అవి దాటితే ఇక నీళ్ళే. వేసవిలో మధ్యాహ్నం పూట మంచం మీద పడుకుని కళ్ళు మూసుకుంటే, గాలికి సరుగుడు చెట్లు చేసే చప్పుడేదో అలలు చేసే చప్పుడేదో తెలిసేది కాదు. రెండూ కలిసి ఇల్లంతా నిండిపోయేవి. ఆ రోజులు తలచుకుంటే ముందు ఆ చప్పుడే వినిపిస్తుంది, మనుషులు తర్వాత వస్తారు.

ఆ వేసవి సెలవులకి మా మేనమామ కొడుకు విశాఖపట్నం నుంచి వచ్చాడు. నాకు బావ అవుతాడు. అక్కడ ఇంజనీరింగు చదివేవాడు. వస్తూ వస్తూ ఒక వింత కబురు మోసుకొచ్చాడు. ఇంటర్నెట్ సెంటర్లో ఫోటోలు చూశాడట. ఎక్కడో దేశాల్లో, ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్ళే, సొంతంగా కత్తులూ కిరీటాలూ తయారుచేసుకుని అడవిలోకి వెళ్ళి, ఒక రోజంతా వేరే మనుషులై బతుకుతారట.

"అంటే నాటకమేటి బావా?" అన్నాను.

"నాటకమైతే సూసినోల్లుండాల కదా. ఇందులో అందరూ ఆడినోల్లే. ముందే రాసుకున్న మాటలుండవు. నువ్వు రాణివైతే పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా రాణివే. ఆకలేసినా రాణిలాగే అడగాల."

"ఆల్లకి అడవులున్నాయి."

"మనకి తోటల్లేవేటి?" అన్నాడు బావ.

అలా మొదలైంది. మా పిన్ని పిల్లలు, నా కాలేజీ స్నేహితురాళ్ళు ఇద్దరు, బావతో హైస్కూల్లో చదువుకున్నవాళ్ళు కొందరు కలిసి పది పన్నెండు మందిమి తేలాం. బావ స్నేహితుల్లో ఒకతను పక్కనున్న రేవు ఊరివాడు. వాళ్ళది సముద్రం మీద వేటకి వెళ్ళే కుటుంబం. చినిగిపోయి మూలపడ్డ వలలు అతనే సైకిలు మీద వేసుకుని తెచ్చాడు. వాటిని విప్పి పెరట్లో ఆరేస్తే, ఉప్పు వాసన మా వంటింటి దాకా వచ్చింది.

జీడిపళ్ళ కాలం అయిపోవస్తోంది. ఇంట్లో పని పలచబడింది. నెల రోజుల పాటు మా వసారా ఒక రాజ్యానికి సరిపడా సరంజామాతో నిండిపోయింది. ఎండిన కొబ్బరి మట్టలు చెక్కి కత్తులు చేశాం. తగిలినా నొప్పి పుట్టకుండా పాత పరుపులోని స్పాంజి చుట్టి, దాని మీద సైకిలు ట్యూబు ముక్కలు బిగించాం. కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారులు పారేసిన రేకు డబ్బాలు తెచ్చి, కత్తిరించి, ఛాతీకి కట్టుకునే కవచాలు చేశాం. అంచులు చేతులు కోసేస్తుంటే, వాటి చుట్టూ నేను గుడ్డ పెట్టి కుట్టాను. కొబ్బరి పీచు దువ్వి గడ్డాలు చేశాం. కాగితాలు నానబెట్టి, మెంతిపిండి కలిపి రుబ్బి, బోర్లించిన కుండల మీద మెత్తి ఆరబెడితే ముఖాలు తయారయ్యాయి. వాటికి కళ్ళు కోసేదాకా అవి నిద్రపోతున్నట్టుండేవి. ఎండలో వరసగా ఆరుతున్న ఆ ముఖాల మధ్య కోళ్ళు మెల్లగా నడిచి వెళ్ళేవి.

అమ్మ ఇదంతా దూరం నుంచి చూసేది. ఆమెకి పని తప్ప ఇంకో ధ్యాస ఉండేది కాదు. చీకటితో లేచి, కల్లాపి, పశువులు, వంట, తోట, మళ్ళీ వంట. మాట కాస్త పదును. జీడిపండు కర అంటించుకుని ఇంట్లోకి వస్తే ఊరుకునేది కాదు. ఆ మరక ఒకసారి పడితే గుడ్డ చిరిగినా పోదు. అలాంటిది ఒకరోజు మేం కోటబొమ్మాళి సంతలో కొన్న గోనెగుడ్డల మీద కావాలని జీడిపళ్ళు పిండుతుంటే చూసింది.

"ఓలమ్మో! ఏటే ఆ పని? బుద్ధున్నోల్లు సేసే పనేనా?"

"రంగు కోసం అత్తా. సూడు, తోలులాగ కనబడతాది," అన్నాడు బావ.

అమ్మ కాసేపు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. తర్వాత మా పక్కనే కూర్చుని ఒక పండు తీసుకుంది. ఇన్నేళ్ళుగా చివాట్లు పెట్టిన మరకని తన చేత్తోనే పిండుతూ, లోపల్లోపల నవ్వుకోవడం నేను చూశాను. నేను చూసినట్టు కనిపెట్టి, "పొయ్యి మీద పాలున్నాయి" అని లేచి వెళ్ళిపోయింది.

ఆట నియమాలు బావ పెట్టాడు. వేషం వేసుకున్నాక చుట్టరికాలుండవు. అక్క, బావ, మావ అని పిలవకూడదు. కొబ్బరితోట ఒక రాజ్యం, జీడితోట ఇంకో రాజ్యం. మధ్యలో ఉన్న బండిబాట ఏరు. ఆ ఏరు ఎవరూ సొంతంగా దాటకూడదు. దాటించే మనిషి ఒకరుంటారు. ఆ మనిషి చేతిలో వెదురు గడ, దానికొక తాడు. తాడు పట్టుకుని వెనక నడిస్తేనే దాటినట్టు.

ఆ వేషం నా కాలేజీ స్నేహితురాలికి ఇచ్చాం. ఆట రేపనగా కబురొచ్చింది, ఆమెకి పెళ్ళిచూపులట. అందరం తలలు పట్టుకుని కూర్చున్నాం. అప్పుడే అమ్మ మాకు మజ్జిగ తెచ్చింది.

"అత్తా, ఆ ఏసం నువ్వెయ్యరాదూ," అన్నాడు బావ.

"నానా? నాకేటి తెలుసు?"

"తెలవక్కర్నేదు. నీకు నచ్చినోల్లనే దాటించు."

ఆ మాట అమ్మకి ఎక్కడో తగిలినట్టుంది. గ్లాసులు తీసుకుని వెళ్ళబోతూ ఆగి, "ఆ బట్ట నాకు పొడుగైపోద్ది," అంది.

ఆ సాయంత్రం ఆమెని గుమ్మంలో నిలబెట్టి కొలతలు తీసుకున్నాను. అమ్మ భుజాలు ఇంత చిన్నవని నాకు అప్పటిదాకా తెలియదు. గోధుమ రంగు తేలిన గోనెగుడ్డ అంగీని కురచ చేశాను. పైన కప్పుకోవడానికి వలముక్క, దాని అంచున రేవు నుంచి తెచ్చిన గవ్వలు, గుల్లలు. నడిస్తే చిన్నగా చప్పుడయ్యేవి. అమ్మ అద్దంలో చూసుకోలేదు. వల అంచు చేత్తో పట్టుకుని రెండడుగులు వేసి, ఆ చప్పుడు విని, మళ్ళీ రెండడుగులు వేసింది.

ఆట రోజు పొద్దున్నే ఆకాశం మబ్బుగా ఉంది. ఎండ లేదు, వాన లేదు. తోటంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు పచ్చగా, నెమ్మదిగా ఉంది. కొబ్బరి చెట్ల మధ్య రేకు కవచం వేసుకున్న మనిషి నడిచి వస్తుంటే, అది మా పిన్ని కొడుకని తెలిసీ ఒక అడుగు వెనక్కి వేశాను. ముఖాలు తొడుక్కున్నాక ఎవరి నడక వారిది కాకుండా పోయింది. ఎవరూ నవ్వలేదు. ఏదో ఊరి నుంచి ఏదో పని మీద వచ్చినవాళ్ళలా చెట్ల మధ్య తిరుగుతున్నాం.

మొదట్లో అమ్మ సిగ్గుపడింది. ఎవరొచ్చినా గబగబా దాటించేసేది. పొద్దెక్కే కొద్దీ మారింది. గడ ఇసుకలో గుచ్చి, దారికడ్డంగా నిలబడి, "ఎక్కడికెల్తన్నావు? ఎందుకెల్తన్నావు?" అని అడగడం మొదలుపెట్టింది. జవాబు సరిగ్గా లేకపోతే తల అడ్డంగా ఊపేది. జీడితోట రాజుగా ఉన్న బావ, "యుద్ధానికెల్తన్నాను" అంటే, "యుద్ధానికైతే నా ఏరు దారివ్వదు" అంది. ఆ యుద్ధం ఇక జరగనే లేదు. రాజు చాలాసేపు ఒడ్డున చింతపడి కూర్చుని, చివరికి పెళ్ళి సంబంధం మాట్లాడ్డానికి వెళ్తున్నానని చెప్పి దాటాడు.

నేను కబుర్లు మోసే మనిషిని. మధ్యాహ్నం దాటాక ఏటి దగ్గరికి వచ్చాను. రేవు ఊరి అతను సముద్రపు దొంగ వేషంలో, పీచు గడ్డంతో, నాకంటే ముందే వచ్చి పక్కన చెట్టుకి ఆనుకుని కూర్చున్నాడు. అతన్ని ఆమె ఇంకా దాటనివ్వలేదు.

అమ్మ నన్ను చూసింది. నా ముఖం మీద నేను చేసిన ముఖం ఉంది. ఆమె చూపులో నన్ను గుర్తుపట్టిన జాడ ఎంత వెతికినా కనబడలేదు.

"ఎవరివే నువ్వు? ఏ ఊరు?"

"చాలా దూరం. కబురు తీసుకెళ్తున్నాను."

"ఎవరికి?"

ఎదురు ప్రశ్న వేశాను. "నువ్వెప్పుడైనా ఎక్కడికైనా వెళ్ళావా?"

ఆమె వల అంచున గవ్వలు గాలికి కదిలాయి.

"నాను ఒడ్డుదాన్ని," అంది. "అందర్నీ దాటిత్తాను. నానేటీ దాటనేదు. సిన్నప్పుడు మా నాయన రేవుకి కొబ్బరికాయలేసుకెల్తే బండెక్కి కూడా ఎల్లేదాన్ని. పడవలన్నీ ఇసకమీదుండేవి. ఎక్కుతానని ఏడిసాను. ఆడగుంటలు ఎక్కకూడదన్నారు. అలగే ఇంటికొచ్చేసాను. ఇప్పటికీ సంద్రం సప్పుడింటే అనుకుంటాను, అక్కడికెల్తే నీల్లెలగుంటాయో అని. ఒడ్డున కనబడే నీల్లు కాదు, లోపలి నీల్లు."

ఇన్నేళ్ళూ అదే చప్పుడు వింటూ ఆమె పక్కనే పడుకున్నాను. ఆమె కూడా వింటోందని నాకెప్పుడూ తట్టలేదు. ముఖం వెనక నా కళ్ళు నిండిపోయాయి. అమ్మా అని పిలవబోయి, ఆట గుర్తొచ్చి ఆగిపోయాను.

"తాడు పట్టుకో," అంది ఆమె. పట్టుకున్నాను. ఆమె ముందు, నేను వెనక, పొడి ఇసుకలో నిజంగానే ఏరుందేమోనన్నంత జాగ్రత్తగా అడుగులు వేస్తూ దాటాం.

సాయంత్రం వేషాలు తీసేశాక అమ్మ అన్నం వార్చడానికి వెళ్ళిపోయింది. ఆ మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కానీ చెట్టుకి ఆనుకుని కూర్చున్న సముద్రపు దొంగ అంతా విన్నాడు. ఇంటికెళ్ళి వాళ్ళ నాన్నతో చెప్పాడు.

కొద్ది రోజులకి వాళ్ళ నాన్న మా ఇంటికి వచ్చాడు. ఎండకి నల్లబడ్డ పెద్దమనిషి. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, నేరుగా అమ్మతోనే మాట్లాడాడు.

"అమ్మా, మా రేవులో ఆడోల్లని పడవెక్కించం. పెద్దల్నాటి మాట, నాను కాదన్ను. కానీ ఏరు దాటించే మనిషొచ్చి అడిగితే ఎక్కించకూడదని ఎవరూ అన్నేదు."

అమ్మ తెల్లబోయింది. నా వైపు చూసింది, ఆయన వెంట వచ్చిన కొడుకు వైపు చూసింది. "ఆ గుంటలు ఆడుకున్నారు బావూ. ఆటని నిజం సేసేత్తారా ఏటి?"

"అదంతా నాకు తెల్దు. రేపు గాలి బాగుంటాది. ఆ బట్టలేసుకునే రా."

అమ్మ నాన్న వైపు తిరిగింది. నాన్న తక్కువ మాట్లాడే మనిషి. కొబ్బరితాడు పేనుతున్నవాడు చేతులు ఆపి, "ఎల్లు. పొయ్యి నాను సూసుకుంటాను," అన్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా అమ్మ గోనెగుడ్డ అంగీ వేసుకుని, వల కప్పుకుని, రేవు ఇసుకలో నడిచింది. నేనూ బావా వెనక నడిచాం. వల సర్దుకుంటున్నవాళ్ళు తలెత్తి చూశారు. ఒకాయన ఏదో అనబోయాడు. పెద్దాయన చెయ్యెత్తి, "ఈవిడ మనలాటి మనిషేరా, ఏరు దాటించే పని," అన్నాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వుతోనే అందరూ కలిసి పడవ తోశారు. నన్ను ఎక్కించలేదు, నాకు వేషం లేదు. బావ ఒడ్డున నా పక్కనే నిలబడ్డాడు.

అలల దగ్గర పడవ ముక్కు ఆకాశంలోకి లేచింది. అమ్మ రెండు చేతులతో అంచు పట్టుకుని వంగిపోయింది. తర్వాత పడవ అలల వెనక్కి దిగిపోయి, మళ్ళీ తేలి, చిన్నదైంది. ఇంజను చప్పుడు ఆగింది. తెల్లటి వెలుగులో పడవ, మనిషి, నీళ్ళు ఒకే రంగులోకి వచ్చేశాయి. ఎంతసేపు అలా నిలబడ్డామో తెలియదు. నీళ్ళు వచ్చి మా పాదాల కింద ఇసుకని లాక్కుపోతుంటే, నేనే వెనక్కి కదులుతున్నట్టుండేది.

తిరిగొచ్చాక అమ్మ జుట్టంతా తడిసి ఉంది. పెద్దాయన ఆమెకి కాసేపు తెడ్డు ఇచ్చాడట. ఇంటికి నడుస్తూ సరుగుడు తోట దాటాక, "అక్కడ నీల్లు కదలవే. ఊపిరి పీల్సినట్టు లేత్తాయి, దిగుతాయి, అంతే," అంది. ఇంకొంచెం నడిచాక, "మన ఊరు పచ్చగా ఒక గీతలాగుంది. మనిల్లు ఎక్కడుందోనని ఎతికాను. కనబడనేదు," అని ఆగింది. నేను దిగులుపడుతోందేమో అనుకున్నాను. అమ్మ చిన్నపిల్లలా నవ్వింది. "కనబడకపోయినా ఏటీ అవనేదు!"

ఇంటికొచ్చేసరికి నాన్న అన్నం మాడ్చాడు. అందరం ఆ అన్నమే తిన్నాం. "ఎలగుంది?" అని నాన్న అడిగితే, అమ్మ చేతిలో ముద్ద ఆరిపోయేదాకా చెబుతూనే ఉంది.

తర్వాత ఇంకో రెండు వేసవులు ఆడాం. ఆపైన బావకి హైదరాబాదులో ఉద్యోగమొచ్చింది. రేవు ఊరి అతను వేటకి గుజరాతు వైపు వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళం ఎవరి బతుకుల్లో వాళ్ళం పడ్డాం.

కానీ ఆ మరుసటి ఏటి వేసవి గురించి ఒక్క మాట చెప్పాలి. దానికి ముందు చలికాలంలోనే, వడ్లు ఎండబోస్తూ, అమ్మ ఉన్నట్టుండి అడిగింది.

"ఒలే, ఈసారి నానేటవ్వాల?"

"నీకేం కావాలనుంది?"

కాళ్ళతో వడ్లు కలియదిప్పుతూ ఆలోచించింది. "దొంగ."

చీరకొంగు అడ్డం రాకుండా, రెండు వైపులా లోతైన జేబులు పెట్టి అంగీ కుట్టాను. ఆ వేసవి అమ్మ కొబ్బరితోట రాజుగారి మామిడికాయలన్నీ కాజేసింది. భటులు తరుముకొస్తుంటే, జేబుల్లోంచి కాయలు ఒక్కొక్కటే రాలిపోతూ, జుట్టు ముడి ఊడిపోయి, ఇసుకలో పరుగెత్తింది. అమ్మ పరుగెత్తడం నేను అప్పటిదాకా చూడలేదు. మామూలుగా కాదు, మాకెవరికీ అందలేదు.