మునిరత్నం కోసిన మూడువందల లైన్లు

మునిరత్నానికి పొడవుగా ఉన్నదేదీ గిట్టదు. రాసిన కాగితం కనబడితే చాలు, జేబులోంచి పెన్సిల్ తీసి కొట్టేస్తాడు. సొంత చెల్లెలి శుభలేఖలో ముహూర్తం, పురసవాక్కంలో మండపం, అక్కడికి పోయే బస్సు నంబరు మాత్రం మిగిల్చి అచ్చుకిచ్చాడు.

"నా పేరేదిరా?" మేనత్త అలమేలు నిలదీసింది.

"నీ పేరు నీకు తెలుసు గదా అత్తా. ఆడికి ఎట్ట రావాలో కదా తెలీనిది."

ఆమె ఆరునెలలు మాట్లాడలేదు. అదీ పొదుపేనన్నాడు.

1984లో మేమిద్దరం మద్రాసు శివారు మనలి దగ్గర ఒక రంగుల కంపెనీలో, కంప్యూటర్ గదిలో పనిచేసేవాళ్లం. చౌకగా వస్తోందని కొన్న విదేశీ యంత్రం అది. దాని ఆపరేటింగ్ సిస్టమ్ మద్రాసులో ఇంకెవరి దగ్గరా లేదు. చౌక ఎందుకో కొన్నాక తెలిసింది. ఏ ప్రోగ్రాం ఎక్కించాలన్నా తయారీదారులు పంపిన మూడువందల పన్నెండు లైన్ల స్క్రిప్టు, అంటే యంత్రానికిచ్చే ఆదేశాల వరుస, నడపాలి. అది మధ్యమధ్య ఆగి ఇంగ్లీషులో నలభై ప్రశ్నలు వేస్తుంది. ఒక్క జవాబు తప్పితే మళ్లీ మొదటికి.

మునిరత్నానికి పండగే. రోజుకు నాలుగు లైన్లు కొట్టేసి నడిపి చూసేవాడు. నడిస్తే అవి పోయినట్టే. నడవకపోతే తిట్టుకుంటూ తిరిగి పెట్టేవాడు.

"తయారుచేసినవాళ్లకన్నా నీకు ఎక్కువ తెలుసా?" అన్నాడు మేనేజర్ దామోదరం.

"లేదు సార్. డిస్కు ఉందా అని అడగతా ఉంది. ఆ స్క్రిప్టు ఉండేదే డిస్కులో. డిస్కు లేకుంటే అది ఎట్ట అడగతాది సార్?"

జవాబు లేనప్పుడల్లా దామోదరం దగ్గర సర్క్యులర్ ఉండేది. నెలాఖరు శుక్రవారానికి ఒంటరిగా ప్రోగ్రాం ఎక్కించలేని ఆపరేటర్లు ప్యాకింగ్ షెడ్డుకు పోవాలి.

అందరం కమలాంబ వైపు చూశాం. పద్నాలుగేళ్లు ఇంగ్లీషు అక్షరాలు చూసి కంప్యూటర్ కార్డులు పంచ్ చేసిన మనిషి. ఆమె వేళ్లకు ఇంగ్లీషు వచ్చు, ఆమెకు రాదు. మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లూ ఏడో ప్రశ్న దగ్గరే ఆగిపోయింది.

"పోతే పోనీ పా. డబ్బాకు మూతేసేదానికి ఇంగ్లీషు వద్దు గదా," అంది. ఆ మధ్యాహ్నం టిఫిన్ క్యారియర్ మాత్రం తెరవలేదు.

మర్నాటి నుంచి మునిరత్నం రోజుకు ఇరవై లైన్లు కోశాడు. ముందు పోయినవి ప్రశ్నలే. ఎందుకింత తొందరని అడిగితే, "పొడుగ్గా ఉంది, కోస్తా ఉండా" అన్నాడు.

శుక్రవారం కమలాంబ ప్రోగ్రాం ఉన్న టేపు పెట్టి ఒక్క మాట కొట్టింది. దామోదరం గడియారం పట్టుకుని ప్రశ్నల కోసం కాచుకున్నాడు. యంత్రం ఏమీ అడగలేదు. పన్నెండు నిమిషాలకు తెరమీద ఒక వరుస పడింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. కమలాంబ కూడబలుక్కుని చదివింది: "అయిపోయింది అక్కా, టీ తాగి రాపో."

స్క్రిప్టులో ఎనిమిది లైన్లున్నాయి. ఏడు కోతలో మిగిలినవి. ఎనిమిదోది, ఆ టీ మాటను తెరమీద వేసేది, మునిరత్నం జన్మలో మొదటిసారి తనంతట తాను చేర్చింది.

"ఈ లైను దేనికయ్యా?" అన్నాడు దామోదరం.

"అది ముఖ్యం సార్. తీస్తే మిషను నిలిచిపోతాది."

మిషను ఆగుతుందంటే దామోదరం దేన్నైనా నమ్ముతాడు. రిజిస్టర్లో ఎర్రసిరాతో 'ఎనిమిదో లైను ముట్టుకోరాదు' అని రాశాడు. దాని కిందే కమలాంబను ఈ గదిలోనే కొనసాగించవలసిందని రాసి, సంతకానికి ఆమెను పిలిచాడు.

ఆమె అప్పటికే టీకి వెళ్లిపోయింది.