ఒకటి చుక్క ఇరవై

నా చిన్నప్పుడు మా ఇంట్లో లెక్కలన్నీ నా చేతిలోనే ఉండేవి. మోమిన్‌పేట్ దగ్గర మా ఊరి బడిలో ఐదో తరగతి. అప్పుడే దశాంశాలు నేర్చుకున్నాను, ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. మా తాతయ్యకు చదువు రాదు. నన్ను ‘మా ఇంటి పట్వారి’ అని పిలిచేవాడు. ఆ పిలుపంటే నాకు ప్రాణం.

ఆ ఏడు మక్కచేనుకు మొదటిసారి యూరియా వేద్దామనుకున్నాడు. అంతకుముందు పెంట ఎరువు తప్ప ఎరగడు. ఎకరానికి యాభై కిలోలని వికారాబాద్ దుకాణంలో చెప్పారట. భూమి వివరాలున్న పహాణీ కాగితం నా ముందు పెట్టి, మొత్తం ఎంత తేవాలో చెప్పమన్నాడు. అందులో 1.20 అని ఉంది. పలకైనా ముట్టకుండా యాభైతో గుణించి, అరవై అన్నాను.

అరవై తెచ్చాడు. వాన పడ్డాక, దుకాణంలో చూపించినట్టే మొక్కకు చిటికెడు చొప్పున వేస్తూ పోయాడు. తెచ్చిందంతా అయిపోయింది. ఇంకా బోలెడు చాళ్లు మిగిలాయి.

“కాయితంల ఏముండె బిడ్డా, మల్ల చెప్పు.”

“ఒకటి చుక్క ఇరవై.”

తాతయ్య పగలబడి నవ్వాడు. “ఓ పిచ్చిదాన! ఎకరం మీద ఇరవై గుంటలే గది. నలభై గుంటలైతె ఎకరం. అంటె ఎకరంనర గాదా?”

మా చేనును ఇంట్లో అందరూ ‘ఎకరంనర చెలక’ అనే అంటారు. పుట్టినప్పటి నుంచి వింటున్న మాటే. బడి లెక్క నెత్తికెక్కి చెవిలో ఉన్నది మరిచిపోయాను. డెబ్బై ఐదు తేవలసింది. గట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. పంట కోసం ఏడ్చానని అబద్ధమెందుకు చెప్పాలి? తాతయ్య ఇక నన్ను లెక్క అడగడని ఏడుపు.

తెల్లారి నన్ను బస్సులో వికారాబాద్ తీసుకుపోయాడు. ఎంత కావాలని దుకాణదారు అడిగితే నేను తాతయ్య వెనక దాక్కున్నాను. ఆయన నన్ను ముందుకు జరిపాడు.

“నన్నడగకు సేటూ. మా మనుమరాలు చెప్తది.”

దుకాణం నిండా జనం. నేను వేళ్లు మడుస్తూ లెక్కపెట్టుకున్నాను. తాతయ్య తొందరపెట్టలేదు, అందించనూ లేదు. చివరికి “పదిహేను” అన్నాను. మళ్లీ సరిచూడకుండానే తూయమన్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను. తప్పు చేసిన పిల్లకే తర్వాతి లెక్క ఇచ్చేదాన్ని. మొన్న మా మనవరాలు పప్పును ఉప్పుకషాయం చేసింది. ఇవాళ కూడా ఉప్పు డబ్బా దాని చేతికే ఇచ్చాను. ఇంట్లో అందరూ నన్ను తిడుతున్నారు, తిట్టనీ.