జూన్ ముప్పై ఒకటో తారీఖు

నా చిన్నప్పుడు నాకు నోరు ముందు, బుర్ర తర్వాత నడిచేవి. ఇప్పటికీ పెద్దగా మారలేదని మా ఇంట్లోవాళ్లు అంటారు గానీ, వాళ్ల మాట అలా ఉంచండి. ఆ నోటి పుణ్యమా అని పదేళ్ల వయసులో నేను కేలండర్లో లేని ఒక రోజును పుట్టించాను.

మేము విశాఖపట్నంలో పాత ఊరి వైపు, ఓడలు సముద్రంలోంచి హార్బర్లోకి వచ్చే ఛానెల్‌కు దగ్గర్లో ఉండేవాళ్లం. డెబ్బైల నాటి సంగతి. ఓడ హారన్ మోగితే మా వంటింటి అలమారలో గ్లాసులు గలగలమనేవి. మా తాతయ్య పోర్టులో టగ్గు సరంగు. టగ్గు అంటే చూడటానికి చిన్నదే, కానీ మేడంత ఓడకు తాడు కట్టి లాక్కొచ్చే గట్టి పడవ. దాన్ని నడిపే పెద్దమనిషి సరంగు. తాళ్లు పట్టీ పట్టీ ఆయన అరచేతులు ఎంత గరుకుదేరాయంటే, నా తల నిమిరితే వెంట్రుకలు చిక్కుకునేవి. ఆదివారం మాత్రం ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, చర్చిలో చివరి బెంచీ మీద కిటికీ పక్కన కూర్చునేవాడు. పాటలు అందరికంటే గట్టిగా, అందరికంటే ఆలస్యంగా పాడేవాడు.

మా చర్చిలో ప్రతి ఆదివారం సాక్ష్యాల సమయం ఉండేది. దేవుడు తమ జీవితంలో ఏం చేశాడో ఒకరిద్దరు లేచి నిలబడి చెప్పేవారు. నాకు అవంటే ప్రాణం. తాగుడు మానినవాళ్లు, పేకాట మానినవాళ్లు, చచ్చిపోదామని బీచికి వెళ్లి తిరిగొచ్చినవాళ్లు, ఒక్కొక్కరిదీ ఒక్కో కథ. అందరి కథల్లోనూ ఒక తారీఖు ఉండేది. ఫలానా సంవత్సరం, ఫలానా నెల, ఫలానా తేదీన రక్షణ పొందానని, అంటే ప్రభువును నమ్ముకుని కొత్తగా పుట్టానని, కళ్లు తుడుచుకుంటూ చెప్పేవారు. నా బాధల్లా ఏమిటంటే, నేను తాగలేదు, పేకాడలేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ అమ్మ పక్కన మోకరించి ప్రార్థన చేస్తూనే ఉన్నాను. యేసు ప్రభువును నమ్మని రోజు ఒక్కటీ నాకు గుర్తులేదు, అందుకని నమ్మడం మొదలుపెట్టిన రోజూ గుర్తులేదు.

ఆ ఏడు దసరా సెలవుల్లో మా చర్చి ఆవరణలో షామియానా వేసి మూడు రోజులు కూడికలు పెట్టారు. ఎక్కడి నుంచో ఒక ప్రసంగీకుడు వచ్చాడు. పొద్దుటి పూట పిల్లలకు వేరే కూడిక. రక్షణ పొందినవాళ్లు చేతులెత్తమంటే అందరం ఎత్తాం. తారీఖు గుర్తున్నవాళ్లు మాత్రమే ఉంచమన్నాడాయన. పుట్టినరోజు తెలియనివాడు పుట్టినట్టు ఎలా అవుతుందని అడిగాడు. ఒక్కొక్క చెయ్యీ దిగిపోయింది. నాది దిగలేదు. వాక్యాలు కంఠస్థం చెప్పడంలో వరసగా రెండేళ్లు ఫస్టు ప్రైజు కొట్టిన చెయ్యి అది, దానికి దిగడం అలవాటు లేదు.

తారీఖు చెప్పమ్మా అన్నాడాయన. మరీ పాతది చెబితే అమ్మను అడుగుతారు, మరీ కొత్తది చెబితే నమ్మరు. బడి తెరిచిన జూన్ నెల బాగుందనిపించింది. తారీఖు ఎంత పెద్దదైతే అంత గట్టిగా ఉంటుందనుకున్నాను. "జూన్ ముప్పై ఒకటి" అనేశాను. అక్కడితో ఆగానా? ఆ రోజు జోరున వాన పడుతోందనీ, నేను వెక్కి వెక్కి ఏడ్చాననీ కూడా కలిపాను. మా సండేస్కూలు టీచరమ్మ పొంగిపోయి అట్టపుస్తకం తెరిచి, నా పేరుకు ఎదురుగా 'రక్షణ పొందిన తేదీ' అన్న గడిలో ఎర్ర సిరాతో రాసుకున్నారు. ఆమెకూ ఆ క్షణంలో లెక్క తట్టలేదు. మంచి వార్త వింటుంటే ఎవరు మాత్రం వేళ్లు మడిచి చూస్తారు?

ఆ సాయంత్రం పెద్దల కూడికలోనూ ఆయన అదే ప్రశ్న అడిగాడు. నేను తల తిప్పి చివరి బెంచీ వైపు చూశాను. మా తాతయ్య చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఆయనకు తారీఖు లేదు. నాకున్నది దొంగది. అంటే మా ఇంట్లో ఇద్దరం పరలోకం గుమ్మం బయటే ఉండిపోతామన్నమాట. పైగా నాది రెండింతల తప్పు.

మర్నాడు టీచరమ్మ మా ఇంటికి వచ్చి ఇంకో బాంబు వేశారు. వచ్చే ఆదివారం పెద్దల ఆరాధనలో నేను సాక్ష్యం చెప్పాలట, వానతో సహా. మా అమ్మ మురిసిపోయి టీ పెట్టింది. మా తాతయ్య మాత్రం ఏ తారీఖని అడిగి, విని, గోడ మీది కేలండర్ వైపు ఒకసారి చూసి, గ్లాసులోకి తలవంచుకున్నాడు. టీచరమ్మ వెళ్లాక నన్ను పిలిచి కేలండర్ తిప్పి జూన్ కాగితం చూపించాడు. సముద్రం పోటు, పాటు వేళలన్నీ అందులో పెన్సిలుతో రాసుకునేవాడు.

"అమ్మడూ, నాకు సూపు ఆనడం లేదు. ముప్పై తరవాత ఏటున్నాదో సూసి సెప్పు."

ముప్పై తర్వాత ఖాళీ ఉంది. నేను భోరుమన్నాను. సిగ్గు కొంత, భయం ఎక్కువ. ఆయన తిట్టలేదు, అమ్మకు చెప్పనూ లేదు. శనివారం తనకు డ్యూటీ లేదనీ, ఒక పనుందనీ, తనతో రమ్మనీ మాత్రం అన్నాడు.

శనివారం పొద్దున్న వేయించిన వేరుశనగలు పొట్లం కట్టించుకుని ఇద్దరం ఛానెల్ ఒడ్డుకు వెళ్లాం. ఎదురుగా కొండ, మధ్యలో సన్నటి నీటి దారి. దూరంగా సముద్రంలో ఓడ ఒకటి లోపలికి రావడానికి సిద్ధంగా ఉంది. మా తాతయ్య తన చేతి గడియారం విప్పి నా చేతికిచ్చాడు. పెన్సిలూ కాగితమూ ఇచ్చాడు.

"ఆ ఓడ సముద్రంలోంచి లోపలికొచ్చిన నిమిషం రాయి. సరిగ్గా రాసినావంటే రేపు నీ డేటు నాను ఒప్పీసుకుంటాను."

ఇంత సులువా అనుకున్నాను. ఓడ ముక్కు కొండ పక్కకు రాగానే టైము రాసేశాను. తాతయ్య శనగలు నములుతూ, తోక ఇంకా సముద్రంలోనే ఉన్నాదే అన్నాడు. కొట్టేశాను. తోక కూడా వచ్చాక మళ్లీ రాశాను. అక్కడ అల ఇంకా లేస్తన్నాది సూడు, దాన్ని సముద్రమంటావా హార్బరంటావా అన్నాడు. కొట్టేశాను. టగ్గు వెళ్లి తాడు అందుకున్నప్పుడు ఒకసారి, మా ముందు నుంచి సాగినప్పుడు ఒకసారి రాశాను. ఆ టగ్గు తనదే, ఆ రోజు వేరే సరంగు నడుపుతున్నాడు. దాంతో మా తాతయ్య నా పరీక్ష సంగతి కాసేపు మర్చిపోయి, తాడు బిగువు చాల్లేదని అక్కడి నుంచే కేకలు వేశాడు. ఓడ మలుపు తిరిగి లోపలికి పోయేసరికి నా కాగితం నిండా కొట్టివేతలే. నాకు ఒళ్లు మండి పెన్సిలు విసిరేశాను.

"తెల్దు! ఏ నిమిషమో నాకు తెల్దు!"

"ఓడ ఎక్కడున్నాది?"

"లోపలే ఉన్నాది."

"కాయమా?"

"నా కళ్లతో సూసినాను కదా!"

"మరింకేటి? వచ్చిన నిమిషం తెల్దు, వచ్చిందని తెలుసు" అని పెన్సిలు వెతికి తెచ్చి చెవి వెనక పెట్టుకున్నాడు.

అప్పుడు నాలో పేరుకున్న ప్రశ్నలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. మరి టీచరమ్మ పుస్తకం సంగతేమిటని అడిగాను. తమ టగ్గులోనూ ఒక పుస్తకం ఉందనీ, ఆఫీసుకు కావాలి కాబట్టి ఏదో ఒక నిమిషం రాస్తారనీ, నిమిషం కావలసింది పుస్తకానికే గాని ఓడకు అక్కర్లేదనీ చెప్పాడు. తారీఖులు చెప్పేవాళ్లంతా అబద్ధాలాడుతున్నారా అంటే, తప్పు, అలా అనకన్నాడు. కొన్ని ఓడలు తుఫానులో వస్తాయి, ఆ నిమిషం చచ్చేదాకా మరిచిపోరు. కొన్ని నిమ్మళంగా ఉన్న రోజు వస్తాయి. టీచరమ్మ తుఫానులో వచ్చిన మనిషి, ఆమె తారీఖు నిజమైనదే అన్నాడు.

మంచి పనులు బోలెడు చేస్తే మనంతట మనమే లోపలికి వెళ్లిపోలేమా అని అడిగాను. ఎంత పెద్ద ఇంజనున్న ఓడైనా టగ్గు లాగకుండా ఈ సన్న దారిలో సొంతంగా తిరగబోతే రాయికి కొట్టుకుంటుందన్నాడు. అయితే మంచి పనులు ఎందుకు మరి అన్నాను, గెలిచానన్న ధీమాతో. లోపలికొచ్చిన ఓడ ఏం చేస్తుందని ఆయన తిరిగి అడిగాడు. సరుకు దించుతుందన్నాను. దించకుండా ఊరికే కూర్చుంటే దాన్ని చూసి ఊరు నవ్వదా అన్నాడు.

ఆ తర్వాతి ప్రశ్న అంత ధీమాగా రాలేదు. లోపలికి వచ్చాక కూడా నాలాగా అబద్ధాలు చెబితే తాడు తెగిపోతుందా అని మెల్లగా అడిగాను. మా తాతయ్య నన్ను దగ్గరకు లాక్కున్నాడు.

"నా సర్వీసులో తాళ్లు శానా తెగినాయే అమ్మడూ. తెగితే ఇంకోటి ఏత్తాం. ఓడనొగ్గీసి ఇంటికెల్లిపోతామేటి? మాలాంటోళ్లమే ఒగ్గం, దేవుడొగ్గుతాడా?"

నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఇంకొక్కటి మాత్రం మిగిలింది. సబ్బవరం దగ్గర రైతుల ఇంటి నుంచి మా పక్కింటికి కోడలిగా వచ్చిన అక్క ఉండేది. మా చర్చికి రాదు, వాళ్ల దేవుడికి వాళ్లు దీపం పెట్టుకుంటారు. నాకు జడలు వేసేది ఆవిడే. ఆ అక్క సంగతేమిటని అడిగాను. మా తాతయ్య పొట్లంలో మిగిలిన శనగలు నా చేతిలో పోశాడు. ఏ ఓడ ఎప్పుడు రావాలో రాసిన జాబితా పోర్టు పెద్దదొర దగ్గరుంటుందనీ, ఇన్నేళ్లలో తాను దాన్ని ఒక్కసారీ చూడలేదనీ, పిలిచినప్పుడు తాడు పట్టుకుని వెళ్లడమే తన పని అనీ అన్నాడు. నువ్వు ఆ అక్కను ప్రేమించు, ఆమె కోసం ప్రార్థన చేయి, జాబితా ఆయనకు వదిలేయి అన్నాడు. తెలియనిదాన్ని తెలియదని చెప్పిన పెద్దమనిషిని అదే మొదటిసారి చూడటం.

తిరిగి వస్తూ ఆయనకు తారీఖు ఎందుకు లేదో కూడా చెప్పాడు. సారా మూడుసార్లు మానాడట. మొదటిసారి మా నానమ్మ ప్రార్థన వల్ల, రెండోసారి జబ్బు వల్ల, మూడోసారి ఎందుకో తనకే తెలియకుండా. "ఏ మానడం డేటు సెప్పమంటావే?" అని పకపకా నవ్వాడు.

ఆదివారం వచ్చింది. పెద్దలందరి ముందు నిలబడ్డాను. వాన కథ చెప్పేస్తే చప్పట్లు వస్తాయని నోరు ఊరించింది కూడా. చివరి బెంచీ వైపు చూశాను. మా తాతయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, నాకు ఏ సైగా చేయలేదు. అప్పుడు చెప్పేశాను. "జూన్‌కి ముప్పై రోజులే. నాను అబద్ధం సెప్పినాను, వాన కూడా అబద్ధమే. నాకు డేటు తెల్దు. కాని ప్రభువు నన్ను లాగతన్నాడు. నాను లోపలే ఉన్నాను."

మా అమ్మ ముఖం పాలిపోయింది. అంతలో చివరి బెంచీ కిర్రుమంది. జన్మలో సాక్ష్యం చెప్పని మా తాతయ్య లేచి నిలబడి, "నాకూ డేటు తెల్దండి. నానూ లోపలే ఉన్నాను" అని కూర్చున్నాడు. ఆ వెంటనే చేపలమ్మే ముసలమ్మ ఒకావిడ లేచింది. "ఒలమ్మా, నాకు పుట్టిన డేటే తెల్దు, ఈ డేటెక్కడ తెత్తానర్రా! నన్ను కూడా లోపలే రాసుకోండి" అంది. ఇక చూడండి, చర్చి అంతా నవ్వే. పాస్టరు గారైతే కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. ఒక్కొక్కరే లేచి తమకూ తెలియదని చెబుతుంటే, ఇంతమంది ఇన్నేళ్లుగా నాలాగే భయపడుతూ చేతులెత్తారా అని ఆశ్చర్యపోయాను. టీచరమ్మ పుస్తకం పట్టుకుని నా దగ్గరకు వస్తుంటే మాత్రం ఒకడుగు వెనక్కి వేశాను. ఆవిడ ఆ తారీఖు కొట్టేసి, పైన 'లోపలే ఉంది' అని రాసి, నన్ను ముద్దు పెట్టుకున్నారు.

ఆ తర్వాత ప్రతి జులై ఒకటిన మా తాతయ్య డ్యూటీ నుంచి వస్తూ జిలేబీ తెచ్చేవాడు. గుమ్మంలోంచే, "జూన్ ముప్పై ఒకటి వచ్చీసినాదే!" అని కేకేసేవాడు. పక్కింటి అక్కకూ ఒక వాటా వెళ్లేది.

ఎనభైల్లో, నేను పెద్దదాన్నై ఉద్యోగంలో చేరాక, ఆయన ప్రభువునందు నిద్రించాడు. జ్ఞాపకార్థ కూడిక కార్డు రాసే పని నాకు అప్పగించారు. పుట్టిన తేదీ, రక్షణ పొందిన తేదీ, నిద్రించిన తేదీ, మూడూ వేయడం మా ఆనవాయితీ. మధ్యది ఆయనకు లేదు. అందుకని నా దగ్గరున్నదే ఆయనకిచ్చాను. ప్రూఫు చూడటానికి ద్వారకా నగర్లో ప్రెస్సుకు వెళితే, ఆ అబ్బాయి ఇబ్బందిగా, జూన్ ముప్పై ఒకటని తప్పు పడిందండీ అన్నాడు. నేను ఏడుస్తూనే నవ్వాను. తప్పేం లేదు బాబూ, అలాగే వెయ్యమన్నాను.

ఇప్పుడు సండేస్కూలు అట్టపుస్తకం నా చేతిలో ఉంది. తారీఖు గడి దగ్గర ఏ పిల్లయినా తడబడితే ఛానెల్ ఒడ్డుకు తీసుకెళ్లి గడియారం చేతికిస్తాను. ఆ కార్డు నా పాటల పుస్తకంలో భద్రంగా ఉంది. ఏటా జులై ఒకటిన దాన్ని తీసి ఎదురుగా పెట్టుకుని జిలేబీ తింటాను. నా తారీఖు ఇప్పటికీ నాకు తెలియదు. లోపలే ఉన్నాను.