తాగకుండా దాచిన నీళ్ళు

ట్రక్కు నన్ను సరస్సు ఒడ్డున దింపేసరికి ఉదయం పదకొండు. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. ఎండ కాస్తూనే ఉంది, వేళ్ళు కొంకర్లు పోతూనే ఉన్నాయి. వీపున ఇరవై రెండు కిలోల సామాను, కాళ్ళకు ఒక సైజు పెద్ద బూట్లు. అక్కణ్ణించి కాలినడక. పదహారు వేల అడుగుల కనుమ ఎక్కి, అవతల దిగితే మా ఆర్మీ పోస్టు.

సరస్సు నీలంగా ఉంది, కాదనను. మా ఊళ్ళోనే లంబాలైన్‌లో ఉండే మా చిన్నాన్న కూతురు నిరుడు అక్కడికే ట్రెక్కింగ్‌కి వెళ్ళొచ్చి ఫోన్‌లో నలభై ఫోటోలు చూపించింది. "భయ్యా, నువ్వు స్వర్గంలో డ్యూటీ చేశావు కదా" అంది. స్వర్గమట. ఆ స్వర్గంలో పేస్టు గడ్డకట్టేది తల్లీ. ట్యూబు చంకలో పెట్టుకుని వెచ్చబెడితే గాని పళ్ళు తోముకునే యోగం లేదు.

మా హవల్దార్ గఢ్వాల్ కొండల మనిషి. మొదటి రోజే ఆర్డరు వేశాడు: రోజుకు నాలుగు లీటర్ల నీళ్ళు, దాహం ఉన్నా లేకపోయినా అరగంటకోసారి. ఒంట్లో నీళ్ళు తగ్గితే ఆ ఎత్తు మనిషిని పడగొడుతుంది.

తాగానా? లేదు. నేను అండమాన్‌లో జంగ్లీఘాట్ వాణ్ణి, చేపల పడవల రేవు. నాన్న పడవలో నలుగురికి ఒక్కటే మంచినీళ్ళ క్యాను. ఒడ్డుకు చేరేటప్పటికి అందులో నీళ్ళు మిగిలి తీరాలి. ముందుగా మూత తీసినవాడికి రోజంతా చీవాట్లే. నాలుక తడుపుకుని మూత బిగించడం నాకు చిన్నప్పుడే ఒంటబట్టింది. హవల్దార్ రోజూ "పానీ పియా?" అనేవాడు. "పియా సాబ్" అనేవాణ్ణి. పోస్టులో చాయ్ మీద చాయ్ తాగడం వల్ల నెల రోజులు ఎలాగో గడిచాయి. ఎంత బుద్ధితక్కువ మనిషిని నేను!

అప్పుడు మా రేడియో ఆపరేటరుకు సెలవొచ్చింది. ఆయనది విజయనగరం వైపు. కూతురు పుట్టి మూడు నెలలు, ఇంకా చూడలేదు. హవల్దార్‌కూ నాకూ సరస్సు దగ్గరి క్యాంపుకు బదిలీ. ముగ్గురం కలిసి కనుమ దాటాలి. సరస్సు దగ్గర మధ్యాహ్నం రెండుకు బండి. సాయంత్రం మంచు పడుతుందని కబురు. పడిందంటే వేసవి దాకా దారి బంద్.

ఉదయం ఐదుకు బయలుదేరాం. తొమ్మిదికి తల పగిలిపోతోంది. తొమ్మిదిన్నరకు వాంతి. తర్వాత కాళ్ళు నా మాట వినలేదు. కనుమ ఇంకో గంట దూరం. హవల్దార్ నా సంచి విప్పి సీసాలు తీశాడు. రెండూ నిండుగా ఉన్నాయి. ఒకటి అప్పటికే గడ్డకట్టింది.

"యే క్యా హై?"

"బచాకే రఖా సాబ్."

ఆపరేటర్ నా వైపు చూశాడు. "దాచినావా? ఎవలి కోసంరా అండమానూ?"



ఎత్తు తగిలినవాణ్ణి ఇంకా పైకి తీసుకెళ్ళకూడదు. నడవలేనివాణ్ణి దించడానికి ఇద్దరు కావాలి. ఒంటరిగా ఎవరూ కనుమ దాటకూడదు. ఈ రూల్సన్నీ ఆపరేటరుకు నాకంటే బాగా తెలుసు. రేడియో కూడా ఆయన చేతిలోనే ఉంది. ఆయనే క్యాంపుకు చెప్పాడు. "ఏక్ ఆద్మీ బీమార్. తీనో వాపస్. గాడీ మత్ రోకో. ఓవర్." బండి ఆపొద్దన్నప్పుడు కూడా ఆయన గొంతు మారలేదు.

రెండుకు మళ్ళీ పోస్టులో ఉన్నాం. నాలుగుకు మంచు మొదలైంది. ఆపరేటర్ బంకరు గుమ్మంలో బయటికి చూస్తూ కూర్చున్నాడు, వీపున సెలవు సంచి. గంట గడిచినా పట్టీలు సడలించలేదు.

"భయ్యా, సంచి దించు," అన్నాను పడుకున్నచోటి నుంచి.

ఆయన వెనక్కి తిరగలేదు. "నీళ్ళు తాగినావేటి?"

చెడామడా తిట్టి ఉంటే బాగుండేది. చలికాలమంతా అరగంటకోసారి అదే ప్రశ్న, చేతికి అదే గ్లాసు. వేసవిలో ఆయన ఇల్లు చేరేసరికి పిల్ల గోడ పట్టుకుని నడుస్తోందట. ఆయన్ని చూసి జడుసుకుని ఏడ్చిందట.

నేను ఇంటికి వచ్చిన రోజు అమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. "చూసి తాగు నాన్నా, కల్ పానీ నహీ ఆయేగా," అంది, రేపు కుళాయి రాదని. నిలబడే చెంబు ఖాళీ చేసి, ఇంకోటి అడిగాను. అమ్మ విసుక్కుంటూనే ముంచింది.

నలభై కాదు, నాలుగు వందల ఫోటోలు చూపించండి. నాకు అక్కడ కనిపించేది ఒక్కటే. గుమ్మంలో ఒక మనిషి వీపు, దాని మీద సంచి, బిగించిన పట్టీలు, అవతల కురుస్తున్న మంచు.