హాలు నిండాక ఒక్క చప్పట

పోయిన నెల ఒకరోజు పొద్దున్నే మా అమ్మ ఫోన్ చేసింది. "చెప్పమ్మా" అన్నాను. కిటికీ తలుపు తీసిన చప్పుడు మాత్రం వినిపించింది. ఫోన్ బయటికి పట్టుకున్నట్టుంది. మా వీధి మసీదు మైకు ముందు కుయ్యిమని కూత పెట్టి, ఆ తర్వాత ఎవరో పోయారని చెప్పడం మొదలుపెట్టింది. పేరు వినేదాకా నేను ఆగనక్కర్లేకపోయింది. నాకు జ్ఞానం వచ్చినప్పటినుంచీ ఆ మైకు కూత పెట్టి ఎరగదు. దాన్ని బిగించిందీ, నమాజు లేని వేళ చూసి పోయి సరిచేసి వచ్చేదీ ఒక్క మనిషే. కూసిందంటే ఆ మనిషి లేదనే.

నంద్యాలలో మా వీధి మొత్తం ఆమెను ఖాలా అనేది. తురకలు పిన్నమ్మను పిలిచే మాట అది. చర్చికి పోయే మాకూ, గుడికి పోయే పక్కింటివాళ్లకూ కూడా ఆమె ఖాలానే. భర్తకు మైక్ సెట్ అంగడి ఉండేది. ఆయన పోయినప్పుడు ఇక అది మూతపడినట్టే అనుకున్నారు అందరూ. మొగుడు పోయిన ఆడమనిషి గడప దాటకుండా ఉండాల్సిన నాలుగు నెలల పది రోజులూ ఇంట్లోనే ఉంది ఖాలా. మర్నాడు పొద్దున వచ్చి షట్టర్ ఎత్తింది. పెళ్లికి మైకు మాట్లాడుకోవడానికి వచ్చిన ఒకాయన గుమ్మంలో నిలబడి, "మొగోల్లు ఎవురూ లేరా?" అన్నాడు.

"మైకుకు మొగా ఆడా తెలీదప్పా. గొంతొకటే తెలుసు. తీస్కపోతావా, ఇంగో అంగడి చూసుకుంటావా?"

ఆయన తీసుకుపోయాడు. పెళ్లి బాగా జరిగింది కూడా.

ఆమె పోయిన సాయంత్రం మా ఊరి వాట్సాప్ గుంపులో నాలుగు లైన్ల వార్త వచ్చింది. "చదువురాని మహిళ అయినా భర్త వ్యాపారాన్ని నిలబెట్టారు" అని రాశారు. ఆ మొదటి మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది. నేను ఒక విశ్వవిద్యాలయం సంగీత శాఖలో స్వరజ్ఞానం, ధ్వని ముద్రణ పాఠాలు చెబుతాను. చెవితో చేసే చదువులో ఖాలా కంటే పెద్ద చదువరి నాకింతవరకూ ఎదురుపడలేదు. కాదన్నవాళ్లు ఎవరైనా సరే, వాదనకు రావచ్చు. తీరికగానే ఉన్నాను.

నాకు ఆమె చెప్పిన మొదటి పాఠం చర్చి కూటాల్లో. పదేళ్ల పిల్లను, మైకును మింగేసేంత దగ్గరగా పెట్టుకుని పాడుతున్నాను. ఖాలా నేరుగా స్టేజీ ఎక్కి, పాట మధ్యలోనే నా గడ్డం పట్టుకుని వెనక్కి జరిపింది. "మైకును తినొద్దు పాపా. జానెడు దూరం." అంతే, దిగిపోయింది. జనం నవ్వారు. కానీ రెండో చరణంలో నా గొంతు నాకే మొదటిసారి వినిపించింది.

తర్వాత బడి సెలవుల్లో ఆమె వెంట తిరగడం మొదలుపెట్టాను. ఎక్కడికి పోయినా ముందు సామాను దించనిచ్చేది కాదు. ఖాళీ హాలు నడుమ నిలబడి ఒక్క చప్పట కొట్టేది. తల ఒక పక్కకు వంచి, కుడి చెవి వెనక గోడవైపు పెట్టి, చప్పుడు తిరిగి వచ్చేదాకా వినేది. స్పీకర్ బాక్సులు ఎక్కడ పెట్టాలో అప్పుడు చెప్పేది. జనం వచ్చి కూర్చున్నాక మళ్లీ ఒకసారి కొట్టేది. పెళ్లికొచ్చినవాళ్లు పిచ్చిదాన్ని చూసినట్టు చూసేవాళ్లు. "ఒకసారి విన్నావుగదా ఖాలా, మళ్లీ యాలా?" అని అడిగాను. "ఖాళీ హాలు అబద్ధం చెప్తాది పాపా. జనం కూసున్నంకనే నిజం చెప్తాది" అంది.

మైకు పెట్టే కూతలకు ఆమె దగ్గర పేర్లుండేవి. గుమ్మని అడుగునుంచి, బర్రె అరిచినట్టు వచ్చేది ఎనుము. ఖాళీ బిందె మీద వేలుతో కొట్టినట్టుండేది బిందె. ఆ పైన కుక్కర్, అన్నిటికంటే పైన దోమ. సౌండు పెంచుకుంటూ పోయి, ఏ కూత వస్తే దాని పుల్ల ఒక్కటే కిందికి దించేది. మిగతావాటి జోలికి పోయేది కాదు. పుల్లలంటే ఈక్వలైజర్ మీద వరసగా ఉండే మీటలు. అదే పనిని ఇప్పుడు నేను హెర్ట్జులు, డెసిబెల్సు అనే మాటలతో ఒక సెమిస్టరంతా చెబుతాను.

చదువుకోవడానికి విశ్వవిద్యాలయంలో చేరేటప్పుడు దరఖాస్తులో "గురువు పేరు" అని ఒక గడి ఉంది. నా ముందు నిలబడ్డ పిల్లలందరూ ఎవరో ఒక విద్వాంసుడి పేరు రాస్తున్నారు. నేను చిన్న గీత గీసి ఊరుకున్నాను. గీత గీయడం ఎంత సులువో!

మొదటి ఏడాది స్వరజ్ఞానం క్లాసులో మాస్టారు హార్మోనియం మీద ఒక్కో మెట్టు నొక్కుతుంటే అది ఏ స్వరమో మేం రాయాలి. సంగీతం ఇళ్లనుంచి వచ్చిన పిల్లలు చకచకా రాసేవాళ్లు. నాకు పదికి రెండు కూడా సరిపోయేవి కావు. "పాడటం బాగానే పాడతావు. చెవి లేదమ్మా నీకు. మైక్ సెట్ల మోతలో పెరిగావు కదా, చెడిపోయింది" అన్నారు మాస్టారు. క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను. అది గుర్తొస్తే ఈరోజుకీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ పేపరు తప్పాను. ఎండాకాలంలో మళ్లీ రాయాలి. మళ్లీ తప్పితే రెండో ఏడాదికి పోనివ్వరు. ఇంట్లో ఇంకో ఏడాది చదివించే స్తోమత లేదు. నంద్యాలకు వచ్చి అంగడి ముందు బెంచీ మీద కూలబడ్డాను.

"ఏం పాపా, మొగం అట్ల పెట్టుకోనుండావ్?"

"చదువు మానేస్తాండా ఖాలా. నాకు చెవి లేదంట."

ఆమె బల్ల దాటి వచ్చి నా చెవి పట్టుకుని మెలిపెట్టింది. "మరి ఇదేంది? మటన్ ముక్కా?" అంది. "రేపు ఆళ్లగడ్డ పోతాండాం. పెండ్లి ఉండాది. పెందలాడే లేసి రా."

ఆళ్లగడ్డలో రోడ్డు పక్క శిల్పుల షెడ్లు దాటాక కొత్తగా కట్టిన కల్యాణ మండపం. నేలంతా నున్నటి రాయి. మాట్లాడితే మాట నాలుగుసార్లు తిరిగొస్తుంది. ఖాలా దగ్గర పని నేర్చుకుని ఆ ఊళ్లో సొంత సెట్లు పెట్టుకున్న ముగ్గురు అన్నలు సాయానికి వచ్చారు. ఆమె నన్ను గోడకు మొగం పెట్టించి నిలబెట్టి సౌండు పెంచింది.

"ఇదేంది?"

"బిందె."

"ఇది?"

"కుక్కర్."

"ఇది?"

"ఎనుము."

ఒక్కటీ తప్పలేదు. నాకే ఆశ్చర్యంగా ఉంది.

"ఇప్పుడు నీ సా పాడు" అంది. కచేరీలవాళ్లు శ్రుతి కలుపుకునేటప్పుడు ఆమె పక్కన నిలబడి పట్టుకున్న ముక్క అది. పాడాను. ఆమె మళ్లీ బిందెను సన్నగా కూయనిచ్చింది. "సా ఇడిసిపెట్టొద్దు. ఆడినుంచి మెట్టు మెట్టు ఎక్కి బిందె కాడికి పో." ఎక్కాను. ఐదో మెట్టు దగ్గర నా గొంతూ ఆ కూతా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఏది నేనో ఏది మైకో తెలియలేదు.

"పా" అన్నాను.

"ఈడ తెలిసింది, ఆడ యాల తెలీలా?"

"ఆడ భయం ఖాలా."

"భయానికి చెవుల్లేవు పాపా. నువ్వు దాని మాట ఇని రాస్తాండావ్. సా అంటే ఇంటిపెద్ద. పెద్దను పట్టుకోకుండా చుట్టాల పేర్లు ఎతికితే యాడ దొరుకుతారు?"

మొత్తం స్వరశాస్త్రంలో అంతకంటే ముఖ్యమైన సంగతి నాకింకా తెలియదు. ఏ స్వరమూ ఒంటరిగా స్వరం కాదు. షడ్జానికి, అంటే ఆ సాకు, అది ఎంత దూరమో, ఏమవుతుందో, అదే దాని పేరు. పుస్తకంలో ఈ మాట మొదటి పేజీలోనే ఉంది. చదివాను, పరీక్షలో రాశాను కూడా. వినడం మాత్రం ఆ మండపంలోనే విన్నాను.

నెల తర్వాత పరీక్షలో మాస్టారు మెట్లు నొక్కుతుంటే పెదవి కదపకుండా లోపల సా పట్టుకుని కూర్చున్నాను. పదికి పది. ఆయన కళ్లజోడు తీసి, "ఎవరు నేర్పారమ్మా?" అన్నారు.

"ఇంట్లో సాధన చేశాను సార్" అన్నాను.

ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు అదే గడి మళ్లీ ఎదురైంది. ఈసారి గీత కూడా గీయలేదు. రెండేళ్లు నాకు పాఠం చెప్పిన ఒక విద్వాంసుడి పేరు గుండ్రంగా రాశాను. ఉద్యోగం వచ్చింది. ఆ గడి ఉన్నదున్నట్టు విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో నా పేరు కిందికి ఎక్కింది. మిఠాయి తీసుకుని ఖాలా దగ్గరికి పోయాను.

"నీ పేరు కింద గురువని ఎవురో అయ్యగారి పేరు ఉండాదంటనే. వీధి పిల్లోల్లు ఫోన్లో చదివి చెప్పిరి" అంది.

తల వంచుకున్నాను. ఆమె గ్లాసులో టీ పోసి నా ముందు పెట్టింది.

"పోనీలే. ఆ పేరు ఆడ చెల్తాది. ఒగటి అడుగుతా. నీ పిల్లోల్లకు జానెడు దూరం చెప్తాండావా?"

"చెప్తాండా."

"బిందె?"

చెప్పడం లేదు. అంకెలు మాత్రమే చెబుతున్నాను.

"నా పేరు లేకున్నా ఏం కాదు పాపా. బిందె పోగూడదు."

మర్నాటినుంచి బోర్డు మీద ఎనుము, బిందె, కుక్కర్, దోమ రాశాను. వాటి పక్కనే అంకెలు. పిల్లలు వారంలో పట్టేశారు. పరీక్షలో ఒకమ్మాయి "ఎనుము" అని జవాబు రాస్తే తోటి అధ్యాపకుడు కాగితం పట్టుకుని నా గదికి వచ్చాడు. జవాబు సరైనదే అన్నాను. నిండు మార్కులు వేశాను. కానీ వెబ్‌సైట్‌లో ఆ గడిలో పేరు మాత్రం మార్చలేదు. బిందెను కాపాడాను కదా అని సరిపెట్టుకున్నాను. అది పిరికితనమే, ఇంకో పేరు లేదు దానికి.

ఆమె పోయిన వారానికి మార్చాను. ఆమె పేరు రాసి, పక్కనే మైక్ సెట్ అంగడి, నంద్యాల అని పెట్టాను. శాఖాధిపతి పిలిచి, "మైక్ సెట్ అని రాశారేంటి మేడమ్, బాగుంటుందా?" అన్నారు. "బాగుండాలని రాయలేదు సార్. నిజమని రాశాను. తీసేస్తే నా పేరు కూడా తీసేయండి" అన్నాను. ఇంతవరకూ ఆమె పేరూ నా పేరూ రెండూ ఉన్నాయి.

మైక్ సెట్లవాళ్లు, టెంట్లవాళ్లు కలిసి నంద్యాలలో సంతాప సభ పెట్టారు. హాలు నిండింది. మాట్లాడినవాళ్లంతా ఆమెను భర్త పేరు నిలబెట్టిన ఇల్లాలు అన్నారు. నా వంతు వచ్చింది. మైకుకు జానెడు దూరంలో నిలబడి, వీధిలో ఎవరూ పిలవని ఆమె అసలు పేరు పూర్తిగా చెప్పాను. ఈమె నా గురువు అన్నాను. మూడుసార్లు ఆ మాట చెప్పాల్సిన చోట మింగేశానని కూడా చెప్పాను. సభ నడిపిస్తున్న పెద్దాయన ఇబ్బందిగా కదిలి, "ఇక రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అన్నాడు.

అందరూ లేచి తలలు వంచారు. ఆమె బతుకంతా తిరిగిన ఊళ్ల జనం, గోస్పాడువాళ్లు, రుద్రవరంవాళ్లు, గోడలదాకా నిలబడి ఉన్నారు. హాలు నిజం చెప్పే వేళ అది. నేను చేతులెత్తి ఒక్క చప్పట కొట్టాను, గట్టిగా.

తలలు ఒక్కసారిగా లేచాయి. చావు సభలో చప్పట్లేమిటని కళ్లెర్రజేశారు. "మేడమ్!" అన్నాడు పెద్దాయన. వెనక వరసలో ఆళ్లగడ్డ అన్నలు ముగ్గురూ మాత్రం నావైపు చూడలేదు. తలలు ఒక పక్కకు వంచి, కుడి చెవి వెనక గోడవైపు పెట్టి, తిరిగొచ్చే చప్పుడు వింటున్నారు.