చూపించి తెస్తామని తీసుకెళ్ళిన చీరలు

మొన్న తెనాలిలో బస్సుకి వేళుండి, నేను ఒకప్పుడు పనిచేసిన షాపులోకి ఊరికే వెళ్తే, కౌంటరు వెనక గోడ మీద యజమాని తల్లి ఫొటోకు దండ వేసి ఉంది. ఆవిడ పోయి నాలుగు నెలలైందట. నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన బంధుత్వమూ లేదు.

వాళ్ళది రాజస్థాన్. ఆవిడా, భర్తా మొదట్లో చీరల మూటలు మోసుకుని కొల్లూరు, సంగం జాగర్లమూడి వైపు ఇల్లిల్లూ తిరిగారు. రెండువేల సంవత్సరం దాటాక బట్టలు, స్టీలు సామాను, చెప్పులు అన్నీ ఒకేచోట దొరికే మూడంతస్తుల షాపు తెనాలిలో కట్టారు, తర్వాత బాపట్లలో, ఆ తర్వాత రేపల్లెలో. ఇంత తొందరగా ఎలా ఎదిగారని అందరికీ అనుమానమే. మిల్లులో తీసేసిన సరుకు తెస్తారని కొందరు, వాళ్ళ భాషలో మాట్లాడుకునేది మన గురించేనని కొందరు అనేవారు. అక్కడ జీతం తీసుకుంటూ నేనూ అలాగే అనుకునేదాన్ని. వాళ్ళూ మనల్ని నమ్మేవారు కాదు. బిల్లు కానిదే జాకెట్టు ముక్క కూడా గడప దాటకూడదన్నది యజమాని నియమం.

నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన వైపు పెళ్ళి చీరలు కొట్లోనే తేల్చేవారు కాదు. నాలుగైదు ఇంటికి తీసుకెళ్ళి, కదల్లేని పెద్దవాళ్ళకు చూపించి, నచ్చినవి ఉంచుకుని మిగతావి తిరిగి ఇచ్చేవారు. రేపల్లె షాపులో అది కుదరదనేసరికి పల్లెల నుంచి వచ్చినవాళ్ళు మొహం ముడుచుకుని పాత కొట్లకే పోయేవారు. అప్పుడే నన్ను తెనాలి నుంచి అక్కడికి మార్చి చీరల విభాగం అప్పగించారు. బేరాలు పెరక్కపోతే ఆ పని పోతుంది, దాని మీదే మా ఇల్లు నడుస్తోంది. అందుకని, ఇచ్చి పంపుదామండి, తిరిగి రాకపోతే నాదే పూచీ అని యజమానితో అనేశాను.

మొదట తీసుకెళ్ళింది అడవులదీవి ఆవిడ. కూతురి పెళ్ళికి అయిదు చీరలు ఎంచుకుని, అత్తగారికి చూపించి ఎల్లుండి తెస్తానంది. వారం దాటినా రాలేదు. “అక్కా, పెళ్ళి కూడా అయిపోయుంటుంది, మనవడి బారసాలకి పిలుస్తారులే” అని తోటి అమ్మాయిలు నవ్వారు. యజమాని రోజూ ఒకసారి చీరల వైపు వచ్చి చూసి వెళ్ళేవారు. ఆ చూపు భరించలేక అడవులదీవి బస్సెక్కాను.

ఆ ఇంటి ముందు జనం కూర్చుని ఉన్నారు. ఎందుకు కూర్చున్నారో ఆలోచించలేదు. లోపలికి వెళ్తూనే “చీరలేవండి?” అన్నాను. ఆవిడ తాను ముట్టుకోకుండా పెట్టె మీదున్న మా షాపు సంచి చూపించింది.

“మా అత్త పోయి ఎనిమిదో రోజమ్మా. వాటిని చూడనే లేదు. మైల ఇంటి నుంచి పెళ్ళి చీరలు పంపితే మీ కొట్టుకి మంచిది కాదని ఆగాను. తీసుకో. లెక్క చూసుకో.”

నేను లెక్క చూసుకున్నాను.

అప్పట్లో రేపల్లె షాపు కౌంటరులో యజమాని తల్లే కూర్చునేవారు. జరిగింది చెబితే, “ముందు పలకరించావా?” అని అడిగారు. పలకరించానండి అన్నాను. నా మొహం చూసి, “మేం మూటలు మోసుకుని తిరిగేటప్పుడు, మేం ఇట్టా లేవగానే ఆ ఇంటివాళ్ళు దండెం మీద తమ బట్టలు లెక్కపెట్టుకునేవారమ్మా, మా ఎదురుగానే” అన్నారు. ఆ అయిదు చీరలూ ఇంకెవరికీ చూపించకుండా అడవులదీవి ఆవిడ కోసం పక్కన పెట్టించారు.

నా ఉద్యోగం నిలబడింది. చీరలు ఇంటికిచ్చి పంపడం బాపట్లలోనూ మొదలై, పల్లెల బేరాలన్నీ వాళ్ళ వైపు తిరిగాయి. వాయిదా పడిన పెళ్ళి దగ్గరపడ్డాక అడవులదీవి ఆవిడ వచ్చి, ఆ అయిదింటిలో రెండు తీసుకుంది. నేను ఎదురెళ్తే, “నువ్వు కూర్చోమ్మా” అని పక్క అమ్మాయిని చూపించమంది.

ఇప్పుడు షాపులో నిలబడే ఫోనులో ఇంట్లోవాళ్ళకు చీరలు చూపిస్తున్నారు. మొన్న నా కళ్ళముందే ఒకమ్మాయి పది నిమిషాల్లో అత్తగారి చేత సరేననిపించుకుంది. చీర గడప దాటదు, ఎవరినీ అనుమానించక్కర్లేదు. ఇంకొకరింటికి వెళ్ళి సిగ్గుపడి రావాల్సిన పని ఇక ఏ అమ్మాయికీ ఉండదు. మంచిదే. కానీ ఇంకొకరింటికి వెళ్ళాల్సిన పనే లేకుండా పోయింది.